పక్కింటి ఇన్వర్టర్ మీద లినక్స్

నా ల్యాప్‌టాప్ నేను బీఈడీ చదివే రోజుల నాటిది. బాపు పెద్దపల్లి నుంచి కరీంనగర్ పోయి, టవర్ సర్కిల్ దగ్గరి ఒక దుకాణంలో కొని, తిరుగు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. కండక్టర్ పైన సామాన్ల అరలో పెట్టుకోమంటే, "ఇది నా బిడ్డ చదువు సామాను, కింద పడితే ఎవలు జిమ్మేదారి" అని వినలేదట. పెళ్ళయి నేను ఖానాపూర్ వచ్చినప్పుడు అదీ నాతో వచ్చింది.

కాలం గడిచేకొద్దీ దాని మూత ఒకవైపు వదులైంది. కొన్ని మీటల మీద అక్షరాలు చెరిగిపోయాయి. బ్యాటరీ పనిచేయడం మానేసింది. ప్లగ్గులో ఉంటేనే నడుస్తుంది, వైరు కొంచెం కదిలినా ఆరిపోతుంది. పొద్దున దాన్ని ఆన్ చేసి, బియ్యం కడిగి కుక్కర్ ఎక్కించి, అది విజిల్ వేశాక వచ్చి చూస్తే అప్పటికి తెర మీద నా పేరు కనబడేది. ఏదైనా ఫైలు తెరవాలంటే మళ్ళీ ఒక విజిల్. నాకది అలవాటైపోయింది. ఇంట్లో పెద్దవాళ్ళు మెల్లగా నడిస్తే మనమూ మెల్లగా నడుస్తాం కదా, అట్లా నడిచాను దాని వెంట.

నేను ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. ఆరు నుంచి పదో తరగతి దాకా ప్రశ్నపత్రాలన్నీ నేనే టైపు చేస్తాను. అవన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉండేవి. వాటితో పాటు మా అత్తమ్మ సొత్తు కూడా ఒకటి అందులోనే ఉండేది. అత్తమ్మ పుట్టిల్లు పెన్‌గంగ అవతల, మహారాష్ట్రలో. ఆమె తమ్ముడు ఆ ఊరి భజన మండలికి పెద్ద. అభంగాలు పాడితే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి కూర్చునేవారట. ఆయాసం పట్టుకున్నాక పాడటం మానేశాడు. ఆయన గొంతు బాగున్న రోజుల్లో ఎవరో రికార్డు చేసిన పాటలను తెచ్చి నా ల్యాప్‌టాప్‌లో పెట్టాను. సాయంత్రం దీపం పెట్టాక అత్తమ్మ పీట వేసుకుని దాని ముందు కూర్చుంటుంది. ఆ సమయంలో నాకు ఎంత పని ఉన్నా ల్యాప్‌టాప్ ఆమెదే.

కిందటి సంవత్సరం తెర మీద ఒక ప్రకటన రావడం మొదలైంది. మీ విండోస్‌కు ఇకపై అప్‌డేట్లు రావు, కొత్త వెర్షన్‌కు మారండి అని. సరే మారదామని నొక్కితే, ఈ కంప్యూటర్ కొత్త వెర్షన్‌కు సరిపోదు అని ఇంకో ప్రకటన. స్టాఫ్‌రూంలో ఈ మాట చెబితే మా లెక్కల సార్ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "ఇగ దాన్ని ఇడిచిపెట్టుండ్రి మేడం, కొత్తది కొనుక్కోండ్రి" అన్నాడు.

మా ఆయనకు నిర్మల్ రోడ్డు మీద మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. రైతులు కాలిపోయిన బోరు మోటార్లు తెస్తే లోపలి రాగి తీగ విప్పి కొత్తది చుట్టి ఇస్తాడు. ఆయన చేతికి వచ్చిన ఏ వస్తువూ పాడైపోయిందని ఒప్పుకోడు. ఆ రాత్రి అన్నం తింటూ నేను ల్యాప్‌టాప్ సంగతి చెబితే, "బాడీ మంచిగనే ఉన్నది గదా?" అని అడిగాడు.

"బాడీ ఏం మంచిగున్నది? మూత ఊగుతుంది."

"ఊగితే ఊగనియ్యి. మోటర్ కాలితే రైతు దాన్ని బాయిల పారేస్తడా? లోపటి తీగ మారిస్తే మళ్ళ నడుస్తది. దీనికి గూడ గసొంటిది ఏదన్న ఉన్నదేమో మీ చెల్లెను అడుగు."

మా చెల్లె కరీంనగర్‌లో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. ఫోన్ చేసి మా ఆయన మాటే ఆమెకు చెప్పాను. ఆమె నవ్వింది.

"బావ కరెక్టే చెప్పిండక్కా. గసొంటిది ఉన్నది. దాని పేరు లినక్స్. విండోస్ తీసేసి దాని జాగల గిది పెడ్తం. మా ల్యాబుల పాత కంప్యూటర్లన్నీ దీని మీదనే నడుస్తున్నయ్. ఎవలన్న తీస్కొని వాడుకోవచ్చు, కొనేటిది గాదు. దసరా సెలవులకు వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకరా."

దసరా సెలవుల్లో జగిత్యాల మీదుగా కరీంనగర్ పోయాను, బాపులాగే ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని. చెల్లె వాళ్ళింట్లో వంటగది పక్కన చిన్న బల్ల ఉంది. దాని మీద పెట్టి, ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి, ఆన్ చేస్తూ పైవరుసలో ఏదో మీటను టకటకా కొట్టింది. కాసేపటికి తెర మీద కొత్త రంగులు, కొత్త బొమ్మలు వచ్చాయి. మౌస్ కదిపితే బాణం గుర్తు చేతి వెంటే పరిగెత్తింది. నేను భయపడి, "నా పేపర్లన్నీ పోయినయా?" అన్నాను.

"ఏం పోలే. ఇది పెన్‌డ్రైవ్ల నుంచి నడుస్తుంది. నీ డిస్కును ముట్టనే లే. కావాలంటే చూడు" అని ఆపేసి, పెన్‌డ్రైవ్ పీకి, మళ్ళీ ఆన్ చేసింది. ఎప్పటి విండోసే వచ్చింది, ఎప్పటి లాగే ఆలస్యంగా. దుకాణంలో చీర భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకున్నట్టుంది నాకు. కొనకముందే నచ్చేసింది.

అప్పుడే ఎక్కించమని అడిగితే చెల్లె ఒప్పుకోలేదు. "ముందుగాల నీ ఫైళ్ళన్నీ వేరే దాంట్ల దాస్కో. అసలుది ఎక్కిచ్చినప్పుడు డిస్కు మొత్తం సాఫ్ అయితది. మీ అత్తమ్మ పాటలు పోతే నేను ఖానాపూర్ రావుడు బంద్ చెయ్యాల్సి వస్తది" అంది. పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టి, ఎట్లా చేయాలో మళ్ళీ మళ్ళీ చూపించింది. వాళ్ళింటి నుంచి బయలుదేరేటప్పటికి ఆ పని నేనే చేయాలన్న పట్టుదల నాకే వచ్చేసింది.

ఇంటికి వచ్చాక మా ఆయన ఒక హార్డ్ డిస్క్ తెచ్చిచ్చాడు. ప్రశ్నపత్రాలన్నీ అందులోకి తేలికగానే చేరాయి. కష్టం పాటల దగ్గర వచ్చింది. కాపీ అయ్యాయి అని చెబితే అత్తమ్మ నమ్మలేదు. "ఏదీ, ఇనిపియ్యి" అంది. ఒక పాట పెట్టి, కాస్త కాగానే ఆపి, ఇంకోటి పెట్టబోయాను.

"సగం ఇంటె ఎట్ల తెలుస్తది బిడ్డా? ఆఖరుకు తెగిందో ఏమో. పూరా ఇననియ్యి."

అట్లా ప్రతి పాటనూ మొదటి నుంచి చివరిదాకా విన్నాం. రోజూ సాయంత్రం కొన్ని. ఒకదాంట్లో మధ్యలో ఎవరో గట్టిగా తుమ్మారు. ఆ తుమ్ము కూడా వచ్చిందని నిర్ధారించుకున్నాకే ఆమె ముందుకు కదలనిచ్చింది. ఆ తుమ్మిన మనిషి వాళ్ళ మేనమామట. పాటలన్నీ అయ్యేసరికి దీపావళి కూడా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వచ్చిన ఒక ఆదివారం ముహూర్తం పెట్టుకున్నాను. ఏడో తరగతి తెలుగు పేపరు సోమవారం పొద్దున హెడ్మాస్టర్ చేతిలో పెట్టాలి. అది చాలావరకు టైపు చేసి హార్డ్ డిస్క్‌లో పెట్టి ఉంచాను. కొత్త దాంట్లో పెట్టి ప్రింటు తీస్తే అయిపోతుందనుకున్నాను. టిఫిన్లయ్యాక ల్యాప్‌టాప్ ముందు నేను, నా పక్కన మా ఆయన, వెనక పీట మీద అత్తమ్మ కూర్చున్నాం. పెన్‌డ్రైవ్ గుచ్చాను. ఏ భాష కావాలని అది అడిగితే జాబితాలో తెలుగు కనబడింది. తెలుగు టీచర్ని, ఇంకోటి ఎట్లా నొక్కుతాను? నొక్కాను. అన్నీ గంభీరమైన మాటలు వచ్చాయి. డిస్కును చెరిపివేసి స్థాపించు అని ఒక చోట ఉంది.

మా ఆయన కళ్ళు చిన్నవి చేసుకుని చదివాడు. "స్థాపించుడేంది? ఇగ్రహం పెడ్తున్నమా?"

"స్థాపించు అంటే ఎక్కించు అని."

"మరి ఎక్కించు అని రాస్తె అయిపోవు గదా. అయ్యగారిని పిలవాల్నా ఏందని భయమైంది నాకు."

అత్తమ్మ వెనక నుంచి, "కొబ్బరికాయ ఉన్నది, తేవాల్నా?" అని అడిగింది. ఆమె నిజంగానే అడిగింది. వద్దని చెప్పి, ఊపిరి బిగబట్టి ఆ మీట నొక్కేశాను. కింద సన్నటి గీత ఒకటి ఎడమ నుంచి కుడికి జరగడం మొదలుపెట్టింది. అంతలో మా ఆయనకు ఫోన్ వచ్చింది. ఎవరిదో పసుపు తోటకు నీళ్ళు పెడుతుంటే మోటార్ కాలిందట. ఆయన చొక్కా వేసుకుని వెళ్ళిపోయాడు. గీత సగానికి వస్తుండగా పైన ఫ్యాను ఆగింది. దానితో పాటే ల్యాప్‌టాప్ కూడా.

బయటికి వచ్చి చూస్తే వీధి చివర లైన్‌మన్ నిచ్చెన వేసుకుని తీగల మీద పడిన వేపకొమ్మలు కొట్టిస్తున్నాడు. ఎంతసేపని అడిగితే, "పొద్దుమీకేదాక పడ్తది టీచరమ్మా. ఆ చివరిదాక కొట్టాలె" అన్నాడు.

ల్యాప్‌టాప్ పని ఏమైందో ఆ క్షణాన నాకు తెలియదు. పాతది చెరిగిపోయింది, కొత్తది సగంలో ఆగింది. అంటే ఇప్పుడు అందులో ఏదీ లేదు. చెల్లెకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అత్తమ్మ దాని మూత మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరం చూసినట్టు.

"సచ్చిందా బిడ్డా?"

"లేదత్తమ్మా. కరెంటు వస్తె గాని తెల్వది."

"మరి పక్కింట్ల ఇన్వర్టర్ ఉన్నది గదా. పా, లౌకర్ పోదాం" అంది. తొందరపెట్టేటప్పుడు ఆమెకు మరాఠీ మాటే ముందు వస్తుంది. ల్యాప్‌టాప్ నేను, దాని ఛార్జర్ ఆమె పట్టుకుని బయలుదేరాం.

మా పక్కిల్లు చాచాది. రోడ్డు వైపు వాళ్ళ బట్టల దుకాణం, వెనక ఇల్లు. ఇప్పుడు దుకాణం కొడుకు చూసుకుంటాడు. చాచా ఎక్కువగా ఇంట్లోనే ఉంటాడు. మేం పోయేసరికి చాచి ముందరి గదిలో చాప మీద కూర్చుని కొత్తిమీర ఏరుతోంది. వాళ్ళ కోడలు అల్లం ఒలుస్తోంది. ఆ కోడలిని ఇంట్లో అందరూ దుల్హన్ అనే పిలుస్తారు, పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆమె ఇంకా పెళ్ళికూతురే. మేమూ అట్లాగే పిలుస్తాం. ఆమె కరీంనగర్ అమ్మాయి, డిగ్రీ చదివింది. చాచా కుర్చీలో కూర్చుని టీవీలో క్రికెట్ చూస్తున్నాడు.

సంగతి చెప్పాను. చాచి వెంటనే, "అరే, అందుల పరేషాన్ ఏమున్నది? పెట్టుకో బేటా, ఇగో గీడ ప్లగ్గు" అని గోడ వైపు చూపించింది. ఆ ప్లగ్గులో టీవీ ఉంది. ఇన్వర్టర్ మీద నడిచే ప్లగ్గు ఆ గదిలో అదొక్కటే. పైగా దాని బ్యాటరీ కూడా పాతదే, రెండిటినీ మోస్తే మధ్యలో పడిపోతుందని దుల్హన్ చెప్పింది. అందరం చాచా వైపు చూశాం.

చాచా టీవీ వైపు చూశాడు, నా చేతిలోని ల్యాప్‌టాప్ వైపు చూశాడు. "ఎంతసేపు టీచరమ్మా?"

"జరసేపే చాచా."

"ఈ ఓవర్ అయిపోనియ్యి."

"నక్కో, ఇప్పుడే తియ్యి" అంది చాచి. "ఆమె పేపర్ రేపు ఇయ్యాలె. మ్యాచ్ మళ్ళ మళ్ళ ఏస్తనే ఉంటరు."

చాచా లేచి తనే టీవీ ప్లగ్గు పీకాడు. ఫోన్‌లో స్కోరు చూసుకుంటానని కుర్చీ మా వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద తెల్ల అక్షరాలతో ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యం వచ్చింది. నడిపించడానికి ఇందులో ఏమీ లేదని దాని అర్థం. సరిగ్గా అప్పుడే చెల్లె తిరిగి ఫోన్ చేసింది.

"ఏం గాలేదక్కా. నువ్వు ఏం ఖరాబ్ చెయ్యలే. పెన్‌డ్రైవ్ ఉన్నది గదా, మళ్ళ మొదటి నుంచి ఎక్కియ్యి. ఫికర్ చెయ్యకు."

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి స్థాపించు అన్నచోట ఆగకుండా నొక్కాను, చెరిగిపోవడానికి అందులో ఇంకేం మిగలలేదు కాబట్టి. గీత కదిలింది. దుల్హన్ అల్లం పక్కనపెట్టి వచ్చి నా పక్కన కూర్చుంది. చాచి కొత్తిమీర పళ్ళెం తెచ్చి మా ముందు పెట్టుకుంది. అత్తమ్మ తన వంతుగా కొన్ని కాడలు తీసుకుని ఏరసాగింది. చాచా ఫోన్‌లోని మ్యాచ్ మర్చిపోయి, "ఎంతయింది స్కోర్?" అని మమ్మల్ని అడగడం మొదలుపెట్టాడు. దుల్హన్ చదివి చెప్పేది. గీత ఎక్కడైనా ఆగితే, "ఆడుతలేడు, ఊకె నిలబడ్డడు" అనేవాడు. మళ్ళీ కదిలితే, "హౌ, గిట్ల ఆడాలె" అనేవాడు. నా జీవితంలో ఒక కంప్యూటర్ పనిని అంతమంది కలిసి చూడటం అదే మొదటిసారి. కొత్తిమీర అయిపోయింది. మెంతికూర వచ్చింది.

గీత కుడి చివరకు చేరింది. పెన్‌డ్రైవ్ తీసి ఒకసారి ఆపి మొదలుపెట్టమని తెర మీద రాసి వచ్చింది. తీశాను. తెర నల్లబడింది. తర్వాత చెల్లె ఇంట్లో చూసిన రంగులు మెల్లగా వచ్చాయి, ఈసారి పెన్‌డ్రైవ్ లేకుండా. చాయ్ పెట్టడానికి పొయ్యి దగ్గరికి వెళ్ళిన దుల్హన్ పాలగిన్నె చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగి, "అప్పుడే వచ్చిందా?" అంది. ఇన్ని సంవత్సరాలు కుక్కర్ విజిళ్ళతో కొలిచిన మనిషిని నేను. నాకూ నమ్మబుద్ధి కాలేదు.

చిక్కు లేకుండా అయిపోలేదు. వైఫై గుర్తు ఎక్కడా కనబడలేదు. చెల్లెకు మళ్ళీ ఫోన్. ఫోన్‌ను వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్లోని ఇంటర్నెట్‌నే దానికి ఇచ్చి, ఆ వైఫై పరికరానికి కావలసిన డ్రైవర్ ప్రోగ్రామ్‌ను వెతికించమంది. వైఫై లేదు కాబట్టి వైఫై తెచ్చుకోవడానికి ఇంటర్నెట్ కావాలి అనే మాట చాచాకు అసలు నచ్చలేదు. "తాళంచెవి పెట్టెల పెట్టి, పెట్టెకే తాళమేసినట్టున్నది" అన్నాడు. ఫోన్ దుల్హన్ పట్టుకుంది, మీటలు నేను నొక్కాను. చాయ్ తాగి గ్లాసులు కింద పెట్టేలోగా వైఫై గుర్తు వచ్చి కూర్చుంది.

"నా పాటలు?" అంది అత్తమ్మ. ఇంతసేపు ఆ మాట అడగకుండా ఎట్లా ఆగిందో.

ఇంటికి పోయి హార్డ్ డిస్క్ తెచ్చి గుచ్చాను. మొదటి పాట నొక్కగానే తాళాల మోత, ఆ వెనకే ఆమె తమ్ముడి గొంతు గది నిండా వినిపించాయి. అత్తమ్మ చేతులు మెంతికూర మీద ఆగిపోయాయి. చాచా కుర్చీలో ముందుకు వంగాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన బట్ట కొనడానికి నాందేడ్ బజారుకు పోతుండేవాడట. వారాలకు వారాలు అక్కడే ఉండేవాడట, మరాఠీ బాగా వచ్చు. "జర పెద్దగ పెట్టు" అన్నాడు. పాట నడుస్తుంటే ఒక్కో చరణం కాగానే దుల్హన్‌కు దాని అర్థం చెప్పాడు. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగి, ఆ మాటకు తెలుగులో ఏమంటారని నన్నడిగాడు. నాకు తట్టలేదు. అత్తమ్మ చెప్పింది. "తండ్లాట" అంది. మనసు దేనికోసమో కొట్టుకులాడటం.

పాట ఊపులో ఉండగా అత్తమ్మ నా ఫోన్ తీసుకుని తమ్ముడికి వీడియో కాల్ చేయించింది. తెరలో ఆయన మంచం మీద కూర్చుని కనబడ్డాడు, మెడకు మఫ్లర్. అక్క, తమ్ముడు మరాఠీలో మాట్లాడుకున్నారు. ఫోన్ ల్యాప్‌టాప్ దగ్గర పెట్టి ఆయన పాట ఆయనకే వినిపించింది. ఆయన తల ఒకపక్కకు వంచి కాసేపు విని, ఏదో గట్టిగా అన్నాడు. చాచా పగలబడి నవ్వాడు.

"ఏమంటుండు చాచా?" అన్నాను.

"ఆ పఖవాజ్ వాయించేటోడు తాళం తప్పిండట. అప్పటిసంది చెప్తున్నడట, ఎవలు ఇంటలేరట. ఆ పాట తీసెయ్యుమంటుండు."

అత్తమ్మ తియ్యనని తమ్ముడికి అక్కడికక్కడే చెప్పేసింది. ఆయన దగ్గుతూనే ఇంకా ఏదో వాదించాడు. ఆ వాదన అయ్యేలోగా నేను ఏడో తరగతి పేపరు తెరిచాను. తెరిచి చూస్తే అందులో తెలుగు లేదు.

పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, మధ్య మధ్య డాలరు గుర్తులు, బ్రాకెట్లు, నెత్తిన చుక్కలున్న ఏవేవో లిపులు. మళ్ళీ ఫోన్ చేస్తే కారణం చెల్లె చెప్పింది. నేను ఎన్నో ఏళ్ళ కింద డీటీపీ సెంటర్లో నేర్చుకున్న పాతకాలపు ఫాంటులో టైపు చేస్తాను. అందులో లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలే, ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. ఆ ఫాంటు విండోస్‌తో పాటు చెరిగిపోయింది. పేపర్లన్నీ దాచుకున్నాను గానీ ఫాంటును దాచుకోవాలని నాకెక్కడ తెలుసు?

"గా ఫాంటు ఎవల దగ్గరన్న దొరుకుతదా చూడక్కా. మా కాలేజీల గది లేదు" అంది చెల్లె.

ఆదివారం. డీటీపీ సెంటర్ మూసి ఉంటుంది. తెలుగులో ఉన్న సుమారు పదేళ్ళ నా పనంతా డాలరు గుర్తులై నా ముందుంది. మొదటిసారి ఆ రోజు నాకు ఏడుపు వచ్చినంత పనైంది. దుల్హన్ నా భుజం మీదుగా తొంగి చూసి, కాసేపు ఆలోచించి, "టీచర్, మా దుకాన్ల పండుగ పాంప్లెట్లు తెలుగులనే కొడ్తరు గదా" అంది. "ఆ కంప్యూటర్ల ఉంటదేమో."

ఇద్దరం దుకాణంలోకి పరుగెత్తాం. చీరల మడతల వెనక బల్ల మీద ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. అదీ ఇన్వర్టర్ వైరు మీదే నడుస్తుంది గనుక కరెంటు పోయాక ఆపి ఉంచారు, దుల్హన్ కాసేపటికని ఆన్ చేసింది. దుల్హన్ భర్త గిరాకీకి షర్టు గుడ్డ కొలుస్తూ, ఏం కావాలో తీసుకోండన్నట్టు తల ఊపాడు. ఫాంట్లున్న ఫోల్డర్ తెరిచి దుల్హన్ జాబితా కిందికి జరుపుతూ పోయింది. నా ఫాంటు పేరు కనబడగానే ఇద్దరం ఒకేసారి దాని మీద వేలు పెట్టాం. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వచ్చి, చెల్లె చెప్పినట్టు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, పేపరు మూసి మళ్ళీ తెరిచాను.

డాలర్లు లేవు. 'క్రింది పద్యానికి ప్రతిపదార్థం రాయండి' అని నిండుగా తెలుగులో కనబడింది. కొన్నిచోట్ల ఒత్తులు పక్కకు జరిగి, అక్షరానికీ వాటికీ పొసగనట్టు దూరంగా నిలబడ్డాయి. వాటిని ఒక్కొక్కటిగా చూస్తూ సర్దాను. చాచి మెంతికూర కడగడానికి లేస్తూ తెర వైపు చూసి, "ఇప్పుడు మంచిగున్నదా?" అంది. మంచిగుంది అని చెప్పి, పేపరు సేవ్ చేసి ల్యాప్‌టాప్ ఆపేశాను. అప్పుడు చాచా మెల్లగా లేచి, మా ఛార్జర్ తీసి, టీవీ ప్లగ్గు పెట్టాడు. మ్యాచ్ అప్పటికే అయిపోయింది. గెలిచినవాళ్ళు బహుమతులు తీసుకుంటున్నారు. ఆయన అది కూడా చివరిదాకా చూశాడు.

సాయంత్రం కరెంటు వచ్చింది. మా ఆయన చేతులకు గ్రీజుతో ఇంటికి వచ్చి ల్యాప్‌టాప్ ఆన్ చేయించుకుని చూశాడు. అది వచ్చిన వేగానికి మెచ్చుకోలుగా తల ఊపి, "నేను చెప్పలేదా, బాడీ మంచిగనే ఉన్నదని" అన్నాడు. కరెంటు పోవడం, ఇన్వర్టర్, డాలర్ల సంగతి చెబుదామనుకున్నాను గానీ ఆయన మూత ఊగే చోట స్క్రూ బిగించడంలో మునిగిపోయాడు. పేపరు సోమవారం హెడ్మాస్టర్‌కు ఇచ్చాను. ఆయన దాన్ని చదివి, మూడో ప్రశ్నకు మార్కులు వేయలేదని తిప్పి పంపాడు. అది లినక్స్ తప్పు కాదు.

తర్వాతి నెలలు నాకు మళ్ళీ విద్యార్థి దశ. పాత ఫాంటులో ఉన్నవి చదవడం కుదిరింది గానీ, పాత పద్ధతిలో టైపు చేయడం కుదరలేదు. కొత్త కీబోర్డు నేర్చుకోవలసి వచ్చింది. మొదట్లో 'విద్యార్థి' అని కొట్టబోతే ఎక్కడెక్కడి అక్షరాలో వచ్చేవి. వేళ్ళు పాత దారిలోనే పోయేవి, పాత ఇంటికి నడిచిపోయినట్టు. ఇప్పుడు కుదిరింది. కొత్త పద్ధతిలో కొట్టిన తెలుగు ఏ ఫోన్లో తెరిచినా తెలుగులాగే ఉంటుంది. మా లెక్కల సార్ ఒకరోజు తన ల్యాప్‌టాప్ స్టాఫ్‌రూంకు తెచ్చి, నా బల్ల మీద పెట్టి, క్లాసుకు వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చాక, "మెల్లగ చెయ్యుండ్రి మేడం, తొందరలే" అన్నాడు.

కానీ అంతకంటే ముందే దుల్హన్ పట్టుబట్టి తమ దుకాణం కంప్యూటర్‌ను మార్పించింది. ఇద్దరం కలిసి ఒక శుక్రవారం, దుకాణం మూసి ఉండగా చేశాం. ఈసారి భాషల జాబితా వచ్చినప్పుడు చాచా వెనక నిలబడి ఉన్నాడు. అందులో ఉర్దూ చూశాడు. చూశాక ఇంకోటి నొక్కనిస్తాడా. అయిపోయి తెర వచ్చేసరికి మెనూ ఎడమ మూల నుంచి కుడి మూలకు వచ్చి కూర్చుంది, మాటలన్నీ కుడి నుంచి ఎడమకు నడిచాయి. కొన్ని ఉర్దూలో, కొన్ని ఇంగ్లీషులోనే మిగిలిపోయాయి. చాచా కుర్చీ దగ్గరికి లాక్కుని పైకి చదవడం మొదలుపెట్టాడు. చెత్తబుట్ట బొమ్మ కింద ఉన్న మాట చదివి, "రద్దీ", అంటే చిత్తుకాగితం, అని తనలో తను నవ్వుకున్నాడు. జీవితమంతా దుకాణం నడిపాడు గానీ, ఆ కంప్యూటర్ ముందు ఆయన అంతకుముందు ఎప్పుడూ కూర్చోలేదట.

మర్నాడు పొద్దున ఆయన కొడుకు మా గేటు దగ్గరికి వచ్చాడు. ఈ కొడుకు ఇంగ్లీషు మీడియంలో చదివాడు, ఉర్దూ మాట్లాడతాడు గానీ గబగబా చదవలేడు. "టీచర్, గిరాకీలు నిలబడ్డరు, బిల్లు కొట్టుడు ఏడున్నదో దొరుకుత లేదు" అన్నాడు. పోయి చూసి, దుల్హన్, నేను ఒక ఉపాయం చేశాం. ఒకే కంప్యూటర్‌లో ఇద్దరికీ వేరువేరు ఖాతాలు పెట్టాం. కొడుకు పేరు నొక్కితే అన్నీ ఇంగ్లీషులో, ఎడమ నుంచి. చాచా పేరు నొక్కితే ఉర్దూలో, కుడి నుంచి. మధ్యాహ్నం దుకాణంలో గిరాకీ పలచబడే వేళ చాచాది. ఉర్దూలో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నిజామాబాద్‌లో ఉన్న తన దోస్తుకు ఈమెయిల్ రాస్తాడు. దోస్తు జవాబు రాయడు, ఫోన్ చేసి చదివానని చెబుతాడు.

ఆ ఏర్పాటు చేసిన రోజు చాచి దుకాణంలోకి వచ్చి, మా వెనక నిలబడి తెర మీద ఉన్న రెండు పేర్లూ చూసింది.

"మరి నా పేరేది?"

"మీరు కంప్యూటర్ నడపరు గదా అమ్మీ" అంది దుల్హన్.

"నడపకపోతేంది? నా దుకాణమే గదా."

దుల్హన్ నవ్వుతూ మూడో ఖాతా పెట్టింది. పేరు పక్కన పెట్టుకోవడానికి బొమ్మ ఏది కావాలని అది అడిగింది. పూలు, పిల్లి, సీతాకోకచిలుక, చదరంగం గుర్రం, ఇంకా చాలా వరుసగా ఉన్నాయి. చాచి ముక్కు మీది కళ్ళద్దాలు సర్దుకుని అన్నీ ఓపికగా చూసి, పూలనూ పిల్లినీ దాటి ఫుట్‌బాల్ మీద వేలు పెట్టింది.